ఉప్పుగాలి ఖర్చు ఎవరి ఖాతాలో?

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో సముద్రం ఒడ్డున అద్దెకుంటున్న మనవాళ్ళ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. బాల్కనీలో ఇనుప బల్ల, దాని మీద కాఫీ కప్పు, వెనకాల నీలం సముద్రం. అలాంటి బాల్కనీ ఉన్న ఇంట్లోనే రెండేళ్ళుండి మొన్న మార్చిలో ఖాళీ చేశాను. ఆ ఇనుప బల్ల కాళ్ళు ఆర్నెల్లకు ఎలా తయారవుతాయో కూడా ఒక ఫొటో వేసి ఉంటే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు.

మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. మా ఆయనకు మలేసియాలోని పినాంగ్ దీవిలో, బయాన్ లెపాస్ పారిశ్రామికవాడలో కాంట్రాక్టు ఉద్యోగం వస్తే వచ్చాం. ఆ వాడంతా కంప్యూటర్ చిప్పుల కంపెనీలే, మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆఫీసు దీవికి ఒక చివర, బీచ్‌లు ఇంకో చివర. ఆఫీసు దగ్గర ఇల్లు చూద్దామని ఆయన అన్నారు. అలల చప్పుడు వినకపోతే నిద్ర పట్టదని నేను పట్టుబట్టాను. తీరా బీచ్‌ల వైపున్న తంజుంగ్ బుంగాలో పన్నెండో అంతస్తులో దిగాక చూస్తే అక్కడ అలలే లేవు. ఎదురుగా సుమత్రా దీవి అడ్డం, మధ్యలో మలక్కా జలసంధి. మన ఆర్కే బీచ్ ముందు అది చెరువు. నీళ్ళు కూడా ఫొటోల్లో లాగా నీలంగా ఉండవు, బురదరంగు. జెల్లీ చేపలకు భయపడి స్థానికులు దిగరు. అలాగని తక్కువ చేసి మాట్లాడకూడదు. 2004 డిసెంబర్ 26న ఆ చెరువే లేచి ఈ దీవిలో యాభైమందికి పైగా పొట్టనబెట్టుకుంది. మా వాచ్‌మన్ ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ సముద్రం వైపు తిరగడు.

ఇల్లు వెతకడం దగ్గరే నాకు మొదటి దెబ్బ తగిలింది. మలాయ్ భాషలో అద్దెను 'సేవా' అంటారు. ఎక్కడ చూసినా 'దిసేవా' అని బోర్డులు. ఎంత ముచ్చటైన మాట అనుకున్నాను. ఫోను చేస్తే ఏజెంటు అడిగే మొదటి ప్రశ్న మాత్రం, "మీరు ఏ జాతి?" ఇండియన్లమంటే కాసేపు మౌనం. ఇండియా నుంచి కంపెనీ పని మీద వచ్చామంటే, "అయితే ఓనర్ని అడిగి చెబుతా." ఇక్కడే పుట్టి పెరిగిన భారతీయ సంతతివాళ్ళకైతే ఆ అడగడం కూడా ఉండదట. "వంట ఎక్కువ చేస్తారా?" అన్నది రెండో ప్రశ్న. వంట ఎక్కువ చేయడమంటే ఏమిటో నాకు చాలాసేపు అర్థం కాలేదు. తాలింపు అని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు. తెల్లారగట్ల ఇంకోటి గుర్తొచ్చి అసలే పట్టలేదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఒప్పందం సంగతికొస్తే, పద్ధతి మన దగ్గరకంటే నయమే. అద్దె 2,200 రింగిట్లు. రింగిట్ అంటే అప్పట్లో మన డబ్బులో సుమారు 20 రూపాయలు. రెండు నెలల అద్దె డిపాజిట్, కరెంటు నీళ్ళ కోసం ఇంకో అర నెల, మొదటి నెల అద్దె ముందే. డిపాజిట్ల కిందే 5,500 ఇచ్చాం. ఒప్పందపత్రానికి ఆదాయపన్ను శాఖలో స్టాంపు వేయించాలి. ఆ ఖర్చు మనదే. విసుక్కోకుండా వేయించుకోండి, స్టాంపు లేని కాగితాన్ని కోర్టు చూడదు. ఉద్యోగం మధ్యలో పోతే ఏడాది దాటాక రెండు నెలల నోటీసుతో వెళ్ళిపోయే షరతు ఒకటి అడిగి రాయించుకోవాలి. దాన్ని 'డిప్లొమాటిక్ క్లాజ్' అంటారు. దౌత్యవేత్తలే కానక్కర్లేదు, మాలాంటివాళ్ళకూ ఇస్తారు, అడిగితేనే. అద్దె ఇళ్ళ కోసం ప్రత్యేక చట్టం తెస్తామని ఇక్కడ ఏళ్ళ తరబడి అంటున్నారు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాకు ఆ కాగితమే చట్టం.

కాగితంతో పాటు నాలుగు పేజీల సామాన్ల జాబితా ఇచ్చారు. కర్టెన్లు, బీరువాలు, ఏసీలు నాలుగు, చెంచాలతో సహా. సంతకం పెట్టేముందు ప్రతి గదీ ఫొటోలు తీశాను. బాల్కనీ గోడకవతల బిగించిన ఏసీ బయటి యూనిట్లకు మాత్రం తియ్యలేదు. వంగి తీయాలంటే కళ్ళు తిరిగాయి, పన్నెండో అంతస్తు కదా.

ఇక ఉప్పు. పుట్టింది పెరిగింది సముద్రం పక్కనే అయినా ఇక్కడి ఉప్పుగాలి ముందు నా అనుభవం చాల్లేదు. మనకు కనీసం శీతాకాలమని నాలుగు పొడి రోజులుంటాయి. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల దూరంలో ఉన్న దీవికి శీతాకాలమే లేదు. మంగళసూత్రానికి తగిలించుకున్న పిన్నీసులు రెండు నెలలకోసారి తుప్పుపట్టి జాకెట్ల మీద గోధుమరంగు మరకలు. కత్తెర నోరు తెరవదు. బాల్కనీ తలుపు రోలర్లు అరిగి, తోస్తే కీచుమంటూ సగంలో ఆగిపోయేది. వానలు ముదిరే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో తలుపులన్నీ మూసుకుంటే బీరువాలో చెమ్మ. మా ఆయన పెళ్ళినాటి తోలు బూట్లకు ఆకుపచ్చని నూగు మొలిచింది. సూపర్ మార్కెట్లో 'థర్స్టీ హిప్పో' అని చెమ్మ పీల్చే డబ్బాలమ్ముతారు. బీరువాకొకటి పెడితే మూడు వారాలకు గ్లాసుడు నీళ్ళు తాగేది. ఆ నీళ్ళు పారబోస్తూ, ఇదంతా మనం పీలుస్తున్న గాలే కదా అనుకునేదాన్ని.

ఏసీలకు మూడు నెలలకోసారి సర్వీసింగ్ చేయించి రసీదులు దాచాలని ఒప్పందంలో ఉంది, దాచాను. సర్వీసింగుకొచ్చే తమిళబ్బాయి ఒకసారి బయటి యూనిట్ రేకు విప్పి నన్ను పిలిచాడు. లోపల సన్నసన్నని అల్యూమినియం రేకులు వరసగా ఉంటాయి కదా, వాటిని వేలితో నిమిరితే తెల్లటి పొడై రాలాయి. ఆవిరి కుడుము మీది పిండిలా అంటుకుంది వేలికి. స్క్రూ తలలు ఎప్పుడో ఊడిపోయాయి, యూనిట్‌ని అలవాటు కొద్దీ పట్టుకుని ఉన్నాయంతే. "ఇది మీరు రాకముందు నుంచీ ఉన్న జబ్బక్కా," అన్నాడు. ఆ ముక్క రసీదు మీద రాసివ్వమని అడగాలన్న తెలివి నాకప్పుడు లేదు.

ఖాళీ చేసేటప్పుడు ఓనరు మనిషి వచ్చి రెండు గంటలు ఇల్లంతా తిరిగాడు. వారం తర్వాత ఒక లెక్క పంపారు. ఏసీ బయటి యూనిట్ తుప్పు, బీరువా వెనక చెక్కకు బూజు, బాల్కనీ తలుపు రోలర్లు, హాలు గోడకు రంగు, మొత్తం 1,850 రింగిట్లు మినహాయింపు. ఫోనులో గొంతు చించుకున్నాను. లాభం లేకపోయింది.

కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి మలేసియాలోని బాగాన్ దాతుక్ కొబ్బరి తోటలకు కూలి పనికొచ్చిన కుటుంబం. ఆవిడ తెలుగులో సగం మలాయ్, మిగతా సగం మా అమ్మమ్మ మాట్లాడిన యాస. నా గోల విని, "ఎందుకే అమ్మాయ్ అరుస్తావు? కాయితం మీద అడగవే," అన్నారు. ఆవిడ చెప్పినట్టే రాశాను. ప్రతి మినహాయింపుకూ అసలు బిల్లు చూపించండి. రెండేళ్ళ సర్వీసింగ్ రసీదులు ఇవిగో. ఒప్పందంలో 'ఫెయిర్ వేర్ అండ్ టేర్' అన్న మాట ఉంది, అంటే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల అద్దెదారుకు అంటగట్టకూడదు. సముద్రపు గాలి నేను కొని తెచ్చింది కాదు, ఆ గాలి పేరు చెప్పే మీరు అద్దె ఎక్కువ తీసుకున్నారు. చివరి వాక్యం నా సొంతం.

మూడు ఉత్తరాల తర్వాత 1,100 వెనక్కి వచ్చాయి. ఏసీ డబ్బులు రాలేదు. ఫొటో లేదు కదా.

ఇప్పుడు నా సంగతి. లాసన్స్ బేలో నాన్నగారిచ్చిన ఫ్లాటు నాకుంది. పదిహేనేళ్ళుగా అద్దెకిస్తున్నాను. వచ్చినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టి నేనడిగే మొదటి ప్రశ్న "మీరేవాళ్ళు?" అని. టులెట్ బోర్డు మీద 'శాకాహారులకు మాత్రమే' అని రాయించాను. రాయించిన నేను వంజరం చేపల పులుసు లేనిదే ఆదివారం అన్నం తినను. ఖాళీ చేసే ప్రతివాళ్ళకూ పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసి మిగతా అడ్వాన్సు చేతిలో పెట్టాను, రెండేళ్ళున్నా ఐదేళ్ళున్నా. పదిహేనేళ్ళలో రంగులు వేయించింది రెండుసార్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సముద్రం వైపు కిటికీ అద్దాలన్నీ పగిలితే, అప్పుడున్న బ్యాంకు ఉద్యోగి తన డబ్బుతో వేయించుకున్నాడు. నేను వద్దనలేదు, ఇస్తాననీ అనలేదు. తుపానుకు అతనేం చేశాడు?

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసపు ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని అందులో ఉంది. దాని వెనక ఒక పట్టిక ఉంది, ఈ గొడవ తర్వాతే చదివాను. గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, పైపుల మార్పిడి, కరెంటు వైరింగు ఇంటి యజమాని బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపుల పిడులు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ళవి. అంటే అద్దాల విషయంలో కాగితం నా పక్షమే, పెయింటింగ్ విషయంలో నిలువునా తప్పు. ఇది రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలయ్యే నమూనా. అయినా ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకునేటప్పుడు ముందు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

కిందటేడు ఖాళీ చేసిన కుటుంబానికి పెయింటింగ్ కింద కోసిన 14,000 తిరిగి పంపాను. పొరపాటున పడ్డాయనుకుని వాళ్ళు వెనక్కి పంపేశారు. ఫోను చేసి చెప్పి మళ్ళీ పంపాల్సి వచ్చింది. అంతకుముందున్నవాళ్ళ నంబర్లు నా దగ్గర లేవు.

మీ విశాఖ ఎడిషన్లో ఇళ్ళ అద్దె ప్రకటనలకు రోజూ ఒక పేజీ ఇస్తున్నారు. నెలకొకసారైనా అదే పేజీలో మూలన ఆ పట్టిక వేయండి, పెద్ద అక్షరాల్లో. ఖర్చేమీ అవదు. పేరు మాత్రం ప్రచురించకండి, మా ఫ్లాటులో ఇప్పుడున్నవాళ్ళు మీ పత్రికే తెప్పించుకుంటారు. వాళ్ళకు నేనే చెప్పాలి.

ఇట్లు,
లాసన్స్ బే కాలనీ పాఠకురాలు,
ప్రస్తుతం పినాంగ్, మలేసియా