విట్నీ ఇంటి సంగతి

ఒరేయ్ రవీ,

న్యూ ఆర్లీన్స్‌లో పనయ్యాక ఒక రోజు ఖాళీ అన్నావుగా. ఆ రోజు మిసిసిపీ నది వెంబడే కారులో గంటసేపు పోయి, వాలెస్ ఊరి దగ్గర విట్నీ ప్లాంటేషన్ చూడరా, ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన పెద్ద తోట అది. ఫోన్లో చెబితే తెగేది కాదు, అందుకే రాస్తున్నా.

1752లో ఆంబ్రోయిజ్ హైడెల్ అనే జర్మనీ వలసదారు కొన్న నేల అది. ఆయన నీలిమందు పండించాడు. కొడుకు చెరకులోకి దిగాడు, పెద్దిల్లు కట్టాడు. క్రమంగా ఇంటిపేరు హేడెల్ అయింది. మనవడు మార్సెలాన్ 1839లో పోతే, భార్య అజెలీ ఇరవయ్యేళ్ళు తోటంతా తనే నడిపింది. పిల్లల్లేరు. 1860లో ఆవిడా పోయింది. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక, 1867లో న్యూయార్కు ఆసామి బ్రాడిష్ జాన్సన్ కొనుక్కుని, తన కూతురి మెట్టినింటి పేరు పెట్టాడు. విట్నీ అన్నది అలా వచ్చింది. ఆ తర్వాత చాలా చేతులు మారింది. 1990లో ఫార్మోసా ప్లాస్టిక్స్ అనే తైవాన్ కంపెనీ రేయాన్ ఫ్యాక్టరీ పెడదామని కొంది. జనం ఎదురు తిరిగారు, ఫ్యాక్టరీ రాలేదు. చివరికి 1999లో జాన్ కమింగ్స్ అనే లాయరు కొని, సొంత డబ్బు పోసి, 2014 డిసెంబరులో దాన్ని బానిసల బతుకు చెప్పే మ్యూజియంగా తెరిచాడు. సెనెగల్ చరిత్రకారుడు ఇబ్రహీమా సెక్ పాత దస్తావేజులన్నీ తవ్వి ఆ మనుషుల్ని బయటికి తెచ్చాడు.

ఇంతమంది యజమానుల్లో నన్ను పట్టుకున్నది ఎవరూ కాదురా, ఆన్నా అనే బానిస పిల్ల. చిన్నపిల్లగా కొని తెచ్చి అజెలీకి ఇచ్చారామెను. అజెలీ తోడబుట్టినవాడు ఆంటోయిన్ వల్ల ఆన్నాకి విక్టర్ పుట్టాడు. బానిసగా పుట్టిన ఆ విక్టరే హేడెల్ పేరు నిలబెట్టాడు. అతని సంతతిలోని సిబిల్ హేడెల్, న్యూ ఆర్లీన్స్ తొలి నల్లజాతి మేయర్ డచ్ మోరియల్ భార్య. వాళ్ళబ్బాయి మార్క్ కూడా మేయరయ్యాడు. ఆస్తి రాసిచ్చుకున్న కాగితాల్లో ఆన్నా ఒక సరుకు! నాకైతే ఆ ఇంటి అసలు వారసత్వం ఆమెదే అనిపిస్తుంది.

అక్కడ గోడల మీద లూయిజియానాలో బానిసలుగా బతికిన 1,07,000 మంది పేర్లు చెక్కారు. చాలామందికి ఇంటిపేరే లేదు. తొందరపడకు, కాసేపు నిలబడి చదువు. ఫోటోలు తీస్తే పెద్దింటివి వద్దు, ఆ గోడలవే పంపు.

నీ
సుబ్బు