తేమ పీల్చని ఫైబరుకు ఆర్డరిస్తే తేమ పీల్చేది పంపారు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీరు పంపిన పాలిమర్ ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ల మీద ఫిర్యాదు.

అయ్యా,

మా కాలేజీ సివిల్ ల్యాబ్ కోసం మార్చిలో మీ దగ్గర బ్రాగ్ గ్రేటింగులు (ఒక్క తరంగదైర్ఘ్యపు కాంతిని మాత్రం తిప్పికొట్టే సన్నని గీతలు) ఉన్న రెండు పాలిమర్, అంటే ప్లాస్టిక్, ఫైబర్లు, వాటి సాఫ్ట్‌వేర్ కలిపి 64,000 రూపాయలకు కొన్నాం. ఒకదాన్ని షెడ్డులోని ఇనుప దూలానికి అంటించాం, స్ట్రెయిన్ కోసం, అంటే దూలం ఎంత సాగిందో, కుదించుకుందో కొలవడానికి. రెండోదాన్ని పక్కనే వదులుగా వేలాడదీశాం, టెంపరేచర్ కోసం. వేసవంతా బాగానే పనిచేశాయి. ఆ మాట దాచను.

జులైలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే షెడ్డు తలుపు తీసి చూస్తే స్క్రీను మీద 10 డిగ్రీలు! గోడకున్న మామూలు థర్మామీటరులో 28. మహేంద్రగిరి మీద కూడా జులైలో అంత చలి ఉండదు. దూలం మీద కాకి కూడా వాలలేదు గానీ, సాగుదల 200 మైక్రోస్ట్రెయిన్ (మీటరుకు 0.2 మిల్లీమీటరు) దాటిందని సాఫ్ట్‌వేర్ ఒకటే గోల. దూలం ఎక్కడ విరుగుతుందోనని మా పిల్లలకు టెన్షన్.

లెక్క వేసి చూశాను. ఒక డిగ్రీ వేడి పెరిగితే గ్రేటింగు తిప్పికొట్టే కాంతి తరంగదైర్ఘ్యం 60 పికోమీటర్లు తగ్గుతుందని మీ కాలిబ్రేషన్ కాగితంలోనే ఉంది. ఆ పొద్దున వదులు ఫైబరులో అది 1,080 పికోమీటర్లు పెరిగి ఉంది. అంటే చలి 18 డిగ్రీలు ముదిరిందని మీ సాఫ్ట్‌వేర్ అనుకుంది. అంత చలికి ఇనుము డిగ్రీకి 12 చొప్పున 216 మైక్రోస్ట్రెయిన్ కుదించుకోవాలి కదా, కుదించుకోలేదు కాబట్టి ఏదో బరువు లాగుతోందని తేల్చేసింది. ఒక తప్పు మీద ఇంకో తప్పు.

దీనికి మీ ఈమెయిల్ జవాబు ఒక్క వాక్యం: "జిగురు సరిగ్గా అంటించలేదు." వదులుగా వేలాడే ఫైబరుకు జిగురెక్కడిదండీ?

అనుమానం తీరక నేనే ఒక పరీక్ష పెట్టాను. స్టీలు టిఫిన్ డబ్బా అడుగున తడిగుడ్డ పరిచి, దానికి తగలకుండా వదులు ఫైబరును, పక్కనే థర్మామీటరును ఉంచి, మూత సందు టేపుతో మూశాను. థర్మామీటరు అర డిగ్రీ కూడా కదల్లేదు. తరంగదైర్ఘ్యం మాత్రం మధ్యాహ్నం దాకా మెల్లగా ఎక్కుతూ పోయి ఆగింది. తర్వాత గుడ్డ తీసేసి, కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయే, ఆ సిలికా జెల్ పొట్లాలు ఓ గుప్పెడు వేశాను. మర్నాటికి మొదలుపెట్టిన చోటికంటే కిందికి దిగింది. ఇది వేడి పని కాదు, బరువు పనీ కాదు. తేమ.

అప్పుడు గుర్తొచ్చి, ఫైబరు చుట్టిన రీలు లోపలి అట్ట చూశాను. చిన్న అక్షరాల్లో 'పీఎంఎంఏ' అని ఉంది. మా ఆర్డరులోనూ మీ బిల్లులోనూ ఉన్నది సైక్లిక్ ఓలెఫిన్ అనే వేరే ప్లాస్టిక్ ఫైబరు. పీఎంఎంఏ అంటే మన యాక్రిలిక్కే. అది బరువులో సుమారు 2 శాతం దాకా నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. సైక్లిక్ ఓలెఫిన్ తేమను దాదాపుగా పీల్చదు, అందుకే ఏరికోరి అడిగాం. పీఎంఎంఏ చెడ్డదని నేననను. తేమ కొలవడానికే అమ్మి ఉంటే దీన్ని మెచ్చుకుంటూ రాసేవాణ్ణి.

ఫోన్ చేస్తే ఇంకో ముచ్చట. ఒడిశా మీ సర్వీసు పరిధిలో లేదట, భువనేశ్వర్ డీలరును అడగాలట. ఆయన్ని అడిగితే, "నేను అమ్మని సరుకుతో నాకేం పని?" అన్నాడు. సరిహద్దు దాటితే పాతపట్నమే, మాట్లాడేదీ తెలుగే, నౌపడా నుంచి గుణుపూరు వెళ్లే రైలు మా ఊళ్లో ఆగుతుంది. అడ్వాన్సు పుచ్చుకున్న రోజు మాది ఏ రాష్ట్రమని ఎవరూ అడగలేదు.

పదిహేను రోజుల్లోగా బిల్లులో రాసిన సైక్లిక్ ఓలెఫిన్ ఫైబర్లు రెండూ పంపండి. వేర్వేరు తేమల దగ్గర తీసిన రీడింగులతో కాలిబ్రేషన్ కాగితం జతచేయండి. కుదరకపోతే 64,000 వెనక్కి ఇవ్వండి. రెండింట్లో ఏదైనా కొరియర్ ఖర్చు మీదే.

రీలు అట్ట ఫొటో, మీ బిల్లు, డబ్బా పరీక్ష రీడింగులు జతచేశాను. వదులు ఫైబరు ప్యాక్ చేసి ఉంచాం. రెండోది దూలానికే ఉంది, ఊడదీస్తే తెగుతుంది. మీ ఇంజినీరును పంపితే ఆయన చేతే తీయిస్తాం.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌ఛార్జి, సివిల్ విభాగం