ఉగాది నుంచి వేరుశనగ నూనె ధర తగ్గుతోంది; ఇన్నాళ్లూ ఎందుకు తగ్గలేదంటే

మా ఖాతాదారులందరికీ నమస్కారం.

ఈ ఉగాది నుంచి మన కట్టె గానుగ వేరుశనగ నూనెపై లీటరుకు 30 రూపాయలు తగ్గిస్తున్నాం. నువ్వుల నూనె, కొబ్బరి నూనె పాత ధరకే దొరుకుతాయి. తిరుపతి అంగడికి వచ్చినవారిలో చాలామంది కొన్ని నెలలుగా ఒకే మాట అడుగుతున్నారు: "బయట వేరుశనగ ఎప్పుడో దిగింది కదా, మీ దగ్గర ఎందుకు దిగలేదు?" న్యాయమైన ప్రశ్న. దాపరికం లేకుండా జవాబు చెబుతాను.

2024 సెప్టెంబర్ 14న కేంద్రం వంటనూనెల దిగుమతి సుంకం పెంచింది. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై అన్నీ కలిపి 5.5 శాతం ఉన్నది ఒక్కరోజులో 27.5 శాతమైంది. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. అది ప్రియమైతే ఇక్కడి గింజకు గిరాకీ పెరుగుతుందనే ఈ వ్యాపారంలో ఎవరైనా అనుకుంటారు. దసరా, దీపావళి కూడా దగ్గర పడుతున్నాయి. అందుకని పీలేరు వైపు రైతుల దగ్గర ఎప్పటికన్నా ఎక్కువ సరుకు కొన్నాం. పప్పుగా కాకుండా కాయగానే నిల్వ చేశాం. ఒలిచిన పప్పుకు తేమ తగిలితే బూజు పడుతుంది, కొన్ని రకాల బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. ఈ విషయంలో ఖర్చుకు వెనుకాడం.

తీరా గుజరాత్‌లో పంట విరగకాసింది. ఆ సీజనుకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. చాలా మార్కెట్లలో అంతకన్నా తక్కువకే కాయ అమ్ముడుపోయింది. మేము ఎక్కువ పెట్టి కొన్న సరుకు ఆడించడం పూర్తయ్యేదాకా ధర తగ్గించే వీలు లేకపోయింది. ఇప్పుడది అయిపోయింది.

"ఆ మాత్రం ముందే ఊహించలేకపోయారా?" అని మనకు ఎంతో కాలంగా తెలిసిన ఒక పెద్దాయన అడిగారు. అయ్యా, ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే గుజరాత్ పంట కొండంత కనిపిస్తుంది. ఆ సెప్టెంబరులో నా ముందు ఉన్నవి సుంకం వార్త, పండగ ఆర్డర్లు. అవే మళ్లీ ఎదురైతే మళ్లీ కొంటాను. ఫలితం కలిసిరాలేదు కాబట్టి నిర్ణయమే తప్పని అంటే ఒప్పుకోను.

ఇదే లెక్క నాకు దక్కిన మెప్పుకూ వర్తిస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనెకు కొరత వచ్చింది, ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపింది. మన గానుగ దగ్గర జనం బారులు తీరారు. రెండో గానుగ పెట్టమని అందరూ చెప్పారు, పెట్టలేదు. ఆ రద్దీ కొన్నాళ్లకే తగ్గిపోవడంతో "ఎంత ముందుచూపు!" అంటున్నారు. అంతా విన్నాక నాకూ అలాగే అనిపించసాగింది. కానీ ఆనాటి నోటుపుస్తకంలో నా చేతిరాతతో ఉన్న కారణం ఒక్కటే: ఇంకో యంత్రానికి ఇంటి యజమాని ఒప్పుకోలేదు. యుద్ధం సంగతి, ధరల సంగతి ఆ పుటలో ఎక్కడా లేవు.

జ్ఞాపకం ఇలా మాట మార్చడం అందరిలోనూ ఉండేదే. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు వెళ్లే ముందు, ఏది జరగడానికి ఎంత అవకాశం ఉందో అంచనా వేయమని ఫిష్‌హాఫ్, బెయిత్ అనే పరిశోధకులు విద్యార్థులను అడిగారు. పర్యటనలు ముగిశాక అప్పటి అంచనాలు గుర్తుచేసుకోమన్నారు. నిజంగా జరిగిన వాటికి మొదటి నుంచీ ఎక్కువ అవకాశమే ఇచ్చామని చాలామంది చెప్పారు. 1975లో అచ్చయిన పరిశోధన ఇది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట మా నాన్నగారి గురించి. చంద్రగిరిలో ఆయనకు ఎద్దు గానుగ ఉండేది. దాన్ని తీసేసి ఇనుప ఎక్స్‌పెల్లర్, అంటే గింజను నొక్కి నూనె పిండే యంత్రం పెట్టారు. "ఎద్దు గానుగ నూనెకు ఇవాళ ఎంత ధర పలుకుతోందో! మీ నాన్నగారు తొందరపడ్డారు" అని ఇప్పుడు సులభంగా అనేస్తున్నారు.

1994లో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు తెరిచారు. అప్పుడు సుంకం 65 శాతం. 1998కల్లా అది 15కు దిగింది. ఆ రోజుల్లో మా దగ్గర కొనేవారిలో ఎక్కువమంది కూలి డబ్బు చేతికి అందాక సీసా పట్టుకొచ్చి పావు లీటరు పోయించుకునేవారు. పామోలిన్ చవగ్గా దొరికితే వాళ్లు అటు వెళ్లక ఏం చేస్తారు? కట్టె గానుగ నెమ్మదిగా తిరుగుతుంది, నూనె తీశాక మిగిలే పిప్పిలో చాలా నూనె ఉండిపోతుంది. ఎక్స్‌పెల్లర్ అదే పప్పు నుంచి ఎక్కువ పిండుతుంది. నాన్నగారి ఖాతా పుస్తకం నా దగ్గరే ఉంది. వానలు పడని ఏడాది పుటల్లో ఎండుగడ్డి ఖర్చు, ఎద్దుల వైద్యం ఖర్చు వరుసగా ఉంటాయి. ఎదురు పుటలో నూనె అమ్మకం నెలనెలా చిక్కిపోతూ ఉంటుంది. చివర్లో ఎద్దుల జత అమ్మిన పద్దు, దాని కిందే యంత్రానికి ఇచ్చిన బయానా. ఆ యంత్రం మీద మా చదువులు సాగాయి. ఆ రోజుల్లో ఆ పుస్తకం నా చేతిలో ఉండుంటే నేనూ ఎద్దులను అమ్మేవాడిని.

నేను తమిళనాడు నుంచి దిరిసెన మానుతో చేసిన గానుగ తెచ్చి మోటారుకు తగిలించానంటే, దిగుబడి తగ్గినా ఆ తేడాను భరించి కొనడానికి మీరున్నారు కాబట్టి. నాన్నగారికి అలాంటి ఖాతాదారులు దొరకలేదు. ఆయన తెలివిని నా కాలంతో కొలవకండి, దయచేసి.

ఇకపై ధర మారిన ప్రతిసారీ, ఆ రోజుకు మాకు తెలిసిన కారణాలు తేదీ వేసి గల్లాపెట్టె పక్కన అంటిస్తాం. తర్వాత మా అంచనా తలకిందులైనా ఆ కాగితం చింపం. మొదటిది ఉగాది నాడే చూడవచ్చు: యాసంగి కాయ వస్తోంది, ధర అందుబాటులో ఉంది, సుంకం మళ్లీ మారవచ్చు కాబట్టి ఈసారి రెండు నెలలకు సరిపడా మాత్రమే కొన్నాం.

సొంత డబ్బాలు తెచ్చుకునేవారు వాటిని బాగా ఎండబెట్టి తీసుకురండి. అడుగున కాస్త తడి ఉన్నా నూనె తొందరగా పాడవుతుంది. పండగ రోజు మధ్యాహ్నం ఒంటిగంట వరకే అంగడి తెరిచి ఉంటుంది.