నాచు మందు డబ్బాలపై మత్స్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ అధికారి గారికి,

వరంగల్ చుట్టుపక్కల చెరువుల్లో, కుంటల్లో బొచ్చె, రవ్వు పెంచుకునే వాళ్ల తరఫున రాస్తున్నాను. అర్జీలు ఇచ్చాం, వచ్చి కలిశాం. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను.

సముద్రపు నాచు సారం పేరుతో ఊళ్లలోకి డబ్బాలు వస్తున్నాయి. మేతలో కలిపితే రోగాలు రావని అమ్మేవాళ్లు చెబుతున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గోధుమరంగు నాచుల్లోని ఫ్యూకోయిడాన్, లామినారిన్ లాంటి పదార్థాలు చేపల రోగనిరోధక శక్తిని పెంచగలవని పరిశోధనల్లో కనిపించింది. కానీ ఏ నాచు, సారం ఎలా తీశారు, ఎంత మోతాదు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. మోతాదు మించితే ఎదుగుదల తగ్గవచ్చు కూడా. కొన్ని నాచుల్లో ఆర్సెనిక్ అనే విషపదార్థం కూడా చేరుతుంది. మా దగ్గర అమ్మే డబ్బాల మీద అసలు నాచు పేరే ఉండదు.

మావాళ్లు వేసే మేత తవుడు, పల్లిచెక్క. పోయిన ఎండాకాలం నీళ్లు తగ్గి చేపలకు ఎర్రమచ్చలు లేస్తే, టెన్షన్‌తో అప్పు తెచ్చి మరీ ఈ మందు కొన్నారు. చేపలు దక్కలేదు. మిత్తి మాత్రం పెరుగుతోంది. ఆ ఇళ్ల ఆడవాళ్లు ఇప్పుడు కూలికి పోతున్నారు.

నేను నాచుకు వ్యతిరేకిని కాను. దానివల్ల యాంటీబయాటిక్స్ వాడకం తగ్గితే తినేవాళ్లకూ మేలే.

అయ్యా, ప్రభుత్వ చేపల కేంద్రంలో మన నీళ్లలో, మన మేతతో ఒక సీజన్ పరీక్ష చేయించండి. పక్కనే నాచు కలపని మడుగునూ ఉంచండి. ఫలితం ఏదైనా తెలుగులో ప్రకటించండి. అప్పటిదాకా నాచు రకం, మోతాదు, తయారీదారు వివరాలు లేని డబ్బాల అమ్మకం ఆపించండి. ఈసారి చేపపిల్లలు వదిలేలోపే రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చేపల రైతు, వరంగల్