డీజిల్ జీపుకు చరిత్ర లేదా?

సంపాదకులకు నమస్కారం.

పదిహేనేళ్లు దాటిన ప్రతి బండినీ తుక్కు కింద వేయాలనీ, పాత జీపులు కొని ముస్తాబు చేసుకోవడం డబ్బు ఎక్కువైనవాళ్ల సరదా అనీ ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. నాకు డబ్బు ఎక్కువ కాలేదు. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. సరదా అన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

మా నాన్నగారు నాగార్జునసాగర్ కుడి కాలువ మీద నీటిపారుదల శాఖ జీపు నడిపేవారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత కట్టల తనిఖీకి వచ్చే ఇంజనీర్లకు జీపే దిక్కు. వానాకాలం నల్లరేగడి బురదలో మరో బండి కదిలేది కాదు. వేసవి సెలవుల్లో ఒకటి రెండుసార్లు నన్నూ వెనక కూర్చోబెట్టుకుని బుగ్గవాగు దాకా తీసుకెళ్లారు. అది నిబంధనలకు విరుద్ధమే. ఇప్పుడు చెప్పినా ఆయన ఉద్యోగానికి వచ్చే ముప్పేమీ లేదు లెండి. ఆ జీపులో పెట్రోలు ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కింద ఉంటుంది. ఇంధనం చూపించే ముల్లు ఎప్పుడో పడిపోయింది. నాన్నగారు సీటు ఎత్తి, మూత తీసి, కత్తితో గాట్లు పెట్టిన వెదురు పుల్ల ముంచి, తడి ఏ గాటు దాకా వచ్చిందో చూసి, "మాచర్ల దాకా ఢోకా లేదు" అనేవారు.

అలాంటి జీపు ఒకటి రెంటచింతల వైపు ఒక రైతు దొడ్లో ఉందని 2022లో నా పాత విద్యార్థి ఫోను చేశాడు. వెళ్లి చూస్తే వేపచెట్టు కింద నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయి ఉంది. వెనక సీటు మీద కోడి పొదుగుతోంది. "పిల్లలు దిగాక పట్టుకెళ్లండమ్మా" అన్నాడు రైతు. ఆ మాటతోనే ఆయన మీద నమ్మకం కలిగి, లక్షా పదివేలకు బేరం ఒప్పుకున్నాను. మా వారు మాత్రం కోడితో కలిపా, కోడి కాకుండానా అని అడిగారు.

అది సీజే-3బీ, ఎత్తు బానెట్ జీపు. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1953లో దీన్ని తెచ్చింది. కొత్త హరికేన్ పెట్రోలు ఇంజను ఎత్తు ఎక్కువై పాత బానెట్ కింద పట్టకపోతే బానెట్‌నే పైకి లేపారు; అందుకే ముందు నుంచి చూస్తే నుదురు పెద్దదైన మనిషిలా కనిపిస్తుంది. అక్కడ 1968లో తయారీ ఆపేశారు. మన దగ్గర మహీంద్రా వారు ఆ తర్వాత కూడా చేస్తూనే వచ్చారు. నా బండి 1974లో రిజిస్టరైంది. మొదటి యజమాని ప్రభుత్వమే. ఆ తర్వాత వేలంలో రైతు తండ్రి పాడుకున్నారు. 1984లో పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను వేసినట్టు ఆర్సీ పుస్తకంలో ముద్రతో సహా నమోదై ఉంది. ఈ ఒక్క పంక్తి గురించే ఈ ఉత్తరమంతా.

పని ఆరు నెలల్లో అయిపోతుందన్నారు, రెండేళ్లకు పైగా పట్టింది. మొదట ఇచ్చిన షెడ్డు పేరు రాయను. మూడు నెలల్లో అద్దంలా మెరిసే బాడీ అప్పగించారు. నాకెందుకో అనుమానం వచ్చి, బడిలో పాఠానికి వాడిన లాడం అయస్కాంతం తీసుకెళ్లి తలుపు గడప దగ్గర పెట్టాను. అంటుకోలేదు. జానెడు పక్కకు జరిపాను, అక్కడా అంటుకోలేదు. ఇనుము ఉండాల్సిన చోటల్లా పుట్టీయే. స్క్రూడ్రైవరుతో గీకితే బిస్కట్టులా పెచ్చు ఊడి, దాని వెనక తుప్పు రేకు, రేకులోంచి నేల కనిపించాయి. ఆ షెడ్డు వాళ్లకు అయస్కాంతం ఎందుకు అంటుకోవాలో నేను వివరించాను, అంటుకోకపోయినా ఏమీ కాదని వాళ్లు నాకు వివరించారు.

తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో డెబ్భై ఏళ్ల మేస్త్రి ఒకాయన దొరికారు. ఆయన మొదట బండి చుట్టూ తిరిగి, కింద పడుకుని ఛాసిస్, అంటే అడుగు చట్రం, కమ్ములను సుత్తితో కొడుతూ చెవి పెట్టి విన్నారు. "ఎముక బాగుందమ్మా, చర్మం మారిస్తే చాలు" అన్నారు. నేల రేకు మొత్తం కోసేసి కొత్తది వేశారు. కమాను కట్టలు విప్పి, విరిగిన పట్టీలు మార్చి, మళ్లీ కట్టారు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే చిన్న పెట్టెలో ఒక పళ్లచక్రం అరిగిపోతే దానికోసమే ఐదు నెలలు ఆగాం. గేరు కర్ర పక్కన రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది, రెండోది వేగం తగ్గించి బలం పెంచే మోటు గేరు వేస్తుంది. మొదటిది వేయకుండా రెండోది పడదు, లోపల అడ్డం ఉంటుంది. అంత బలం ఒక్క వెనక ఇరుసు మీదే పడితే విరుగుతుందని ఆ ఏర్పాటు. దాన్ని విప్పి బల్ల మీద పరిచిన రోజు మా పదో తరగతి పిల్లలు పక్కన లేరే అని చాలా బాధపడ్డాను.

యాభై ఏళ్లు నిండాయి కదా అని వింటేజ్ నమోదు గురించి అడగడానికి వెళ్లాను. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన బండికి నంబరులో 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నమోదు ఇస్తారు. 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతులకూ, ఇంధనం పోయించుకోవడానికీ మాత్రమే రోడ్డెక్కాలి. అన్నిటికీ సిద్ధపడే వెళ్లాను. అక్కడి ఉద్యోగి పుస్తకం తిరగేసి, 1984 నాటి పంక్తి మీద వేలు పెట్టి, "ఇంజను మారింది కదండీ, ఒరిజినల్ కాదు" అన్నారు. మర్యాదగానే చెప్పారు. నిబంధనలోనూ అలాగే ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మారి ఉండకూడదు.

నా అభ్యంతరం ఆయన మీద కాదు, ఆ నిబంధన రాసినవారి ఊహ మీద. వాళ్ల కళ్ల ముందు మహారాజుల గరాజుల్లో దుప్పటి కప్పుకున్న కార్లు ఉండి ఉంటాయి. మన జీపులు అలా బతకలేదు. 1973లో చమురు ధర భగ్గుమన్నాక పెట్రోలు జీపును పోషించడం రైతు వల్ల కాలేదు. ఊరూరా షెడ్లలో హరికేన్ ఇంజన్లు దించి డీజిల్‌వి ఎక్కించారు. కంపెనీయే తర్వాత డీజిల్ జీపులు తెచ్చింది, వాటి ఇంజను ట్రాక్టరు ఇంజనుకు దగ్గర చుట్టం. పల్నాడులో మిరప టిక్కీలు మోసిందీ, పెళ్లిళ్లకు పెట్టుడు పూలతో వెళ్లిందీ ఆ డీజిల్ జీపే. దాన్ని తీసేసి ఎక్కడో పెట్రోలు ఇంజను వెతికి బిగిస్తే బండి ఒరిజినల్ అవుతుందట. నాకైతే అది నాలుగు దశాబ్దాల చరిత్రను చెరిపేయడంలా కనిపిస్తోంది.

అలాగని ఏ మార్పుకైనా తలుపు తెరవమనడం లేదు. మా అన్నయ్య కొడుకు ఈ బండికి అరడుగు బయటికి పొడుచుకొచ్చే టైర్లూ, కప్పు మీద వరుస దీపాలూ పెట్టమని ఏడాదిగా పోరుతున్నాడు. హరియాణాలోని మండీ డబ్వాలీలో అలాంటి ముస్తాబు జీపులు దొరుకుతాయని వీడియోలు చూపిస్తాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దానికి ఒప్పుకోదనీ, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందనీ నేను చూపిస్తాను. ఇంకా తేలలేదు.

పొగ విషయంలో ఆ పాఠకుడి మాట కొట్టిపారేయను. పాత డీజిల్ ఇంజను పొగ వదులుతుంది. డీజిల్ పంపు బాగు చేయించి, నాజిళ్లు మార్పించి, పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకున్నాను. పరీక్షలో తప్పిన రోజు షెడ్డులో పెడతాను. డీజిల్ బండికి పదేళ్లే కదా ఆయుష్షు అని అడిగేవారికి ఒక మాట. ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. నా జీపు నిరుడు తిరిగిందంతా కలిపి ఆరువందల కిలోమీటర్లు లేదు.

నేను కోరేది చిన్న సవరణ. ముప్పై ఏళ్లకు ముందే అధికారుల అనుమతితో జరిగి, ఆర్సీలో నమోదైన ఇంజను మార్పిడిని అనర్హతగా చూడకూడదు. ఆ కాలపు ఇంజనేనా కాదా అని రాష్ట్ర వింటేజ్ కమిటీ చూసి తేల్చవచ్చు. ఈ మేరకు రాష్ట్ర రవాణా శాఖ కేంద్రానికి రాయాలని మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

మరో చిన్న మాట. మీ పాఠకుల్లో ఎవరి దొడ్లోనైనా సీజే-3బీ వెనక తలుపు తుప్పు పట్టనిది ఉంటే పత్రికకు ఒక కార్డు ముక్క రాయగలరు. నా బండికి ఆ ఒక్కటీ ఇంకా పుట్టీ మీదే నిలబడి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నరసరావుపేట