ఒక్కరోజు లండన్‌కు శుక్రవారమే మేలు

సంపాదకులకు,

విదేశీ యాత్రల వ్యాసాల్లో లండన్ అనగానే పది పన్నెండు పేర్లు వరసగా ఇచ్చేస్తారు. ఇద్దరు వెళ్తే ఆ జాబితాతో ఎలాగో నెట్టుకురావచ్చు. ఆరేడుగురు స్నేహితులు కలిసి ఒక్క రోజులో తిరగాలంటే మాత్రం ఏ రోజు వెళ్లాలి, ఏ వరసలో చూడాలి అన్నది ముందు తేల్చుకోవాలి.

రోజు మన చేతిలో ఉంటే శుక్రవారం పెట్టుకోవడం మంచిది. మామూలు రోజుల్లో బ్రిటిష్ మ్యూజియం సాయంత్రం 5కు, నేషనల్ గ్యాలరీ 6కు మూసేస్తారు. శుక్రవారం మొదటిది 8.30 వరకు, రెండోది 9 వరకు తెరిచి ఉంటాయి. రెండింట్లోనూ ప్రవేశం ఉచితమే. పగలంతా బయట తిరిగి, పొద్దుపోయాక తీరిగ్గా లోపలికి వెళ్లొచ్చు. డిసెంబరులో అక్కడ 4 గంటలు కాకముందే పొద్దు గుంకుతుంది. అది తెలియక ఉదయమే మ్యూజియంలో దూరితే బయట చూడటానికి వెలుగు మిగలదు. జూన్‌లో రాత్రి 9 దాటినా వెలుతురుంటుంది కనుక ఆ బెంగ లేదు. ఆదివారం మాత్రం వద్దు. వెస్ట్‌మినిస్టర్ అబే, సెయింట్ పాల్స్ చర్చిలను ఆ రోజు ప్రార్థనలకే తెరుస్తారు, చూడవచ్చినవారిని తిప్పి పంపేస్తారు. మీ యాత్రా పేజీలో పేర్ల పక్కన ఇలాంటి సెలవులు, మూసే వేళలు కూడా వేస్తే పాఠకులకు ఎంతో ఉపయోగం.

ఇక టికెట్లు. ట్యూబ్ అనే భూగర్భ రైలుకైనా, బస్సుకైనా మనిషికో కార్డు ఉండాల్సిందే. ఒకే కార్డును నలుగురూ తాకించి గేటు దాటడం కుదరదు. మన బ్యాంకుల కార్డులకు అంతర్జాతీయ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ చెల్లింపులు విడివిడిగా ఆన్ చేసుకోవాలి. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఈ పని చూసుకోకపోతే అక్కడ గేటు తెరుచుకోదు. ఎక్కువమందికి డబ్బు పోయేది ఇంకోచోట. ఎక్కేటప్పుడు ఫోన్ తాకిస్తారు, దిగేటప్పుడు జేబులోంచి కార్డు తీస్తారు. రెండూ ఒకే ఖాతావైనా యంత్రం లెక్కలో ఇద్దరు మనుషులు. రెండు అసంపూర్తి ప్రయాణాలుగా నమోదై, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఒక రోజుకు ఇంతకు మించి కోయకూడదన్న పరిమితి కూడా మొదటినుంచి చివరిదాకా ఒకటే కార్డు వాడినవారికే వర్తిస్తుంది. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు. ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. గంటలోపు ఎన్ని బస్సులు మారినా మొదటి ఛార్జీయే సరిపోతుంది.

వెస్ట్‌మినిస్టర్ స్టేషన్ నుంచి మొదలుపెడితే పైకి రాగానే పార్లమెంటు గడియారం కనిపిస్తుంది. కాపలా మార్పు కోసం అందరూ బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు పరుగెడతారు. అది సాధారణంగా వారంలో నాలుగు రోజులే జరుగుతుంది, పెద్ద వాన వస్తే అదీ లేదు. కంచె పక్కన చోటు కావాలంటే గంట ముందే నిలబడాలి, ఆరేడుగురికి ఒకేచోట దొరకడం కల్ల. వైట్‌హాల్‌లోని హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రపు దళం రోజూ ఉదయం 11కు, ఆదివారమైతే 10కి మారుతుంది. తోపులాట తక్కువ, గుర్రాలు దగ్గర్నుంచి కనిపిస్తాయి. స్నేహితుల గుంపుకు ఇదే నయం.

తర్వాత వెస్ట్‌మినిస్టర్ వంతెన దాటి థేమ్స్ దక్షిణపు ఒడ్డున నడవాలి. టవర్ బ్రిడ్జి దాకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. లండన్ ఐ అనే పెద్ద రంగులరాట్నం ఒక చుట్టుకు అరగంట, క్యూ ఎంతసేపో చెప్పలేం కాబట్టి ఒక్కరోజు యాత్రలో వదిలేయొచ్చు. టేట్ మోడర్న్ అనే కళల మ్యూజియంలో మరుగుదొడ్లు ఉచితం, అక్కడ ఆగడం తెలివైన పని. దాని ఎదుటి మిలీనియం వంతెన చరిత్ర సరదాగా ఉంటుంది. 2000లో తెరిచిన రెండు రోజులకే మూసేశారు. జనం నడుస్తుంటే వంతెన పక్కలకు ఊగింది, ఊపుకు తూలకుండా అందరూ ఒకే లయలో అడుగులేశారు, దాంతో ఊపు ఇంకా పెరిగింది. ఊపును అణిచే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. నడిమధ్య నిలబడితే సెయింట్ పాల్స్ గోపురం సరిగ్గా ఎదురుగా వస్తుంది, ఫొటో అక్కడే తీసుకోవాలి.

టవర్ బ్రిడ్జి ఎప్పుడు పైకి లేస్తుందో దాని వెబ్‌సైట్‌లో ముందే ప్రకటిస్తారు, దాన్నిబట్టి నడక సర్దుకోవచ్చు. పక్కనున్న టవర్ ఆఫ్ లండన్ కోట లోపలికి వెళ్తే మూడు గంటలు హరీ. అది కావాలనుకుంటే, శుక్రవారం కాని రోజుల్లో సాయంత్రం గ్యాలరీ మీద ఆశ వదులుకోవాలి. వద్దనుకుంటే 15 నంబరు బస్సు పైఅంతస్తులో ఎక్కి కూర్చోండి. సెయింట్ పాల్స్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దింపుతుంది. నేషనల్ గ్యాలరీ అక్కడే.

ట్యూబ్ మ్యాపు చూసి దూరాలు లెక్కేయొద్దు. 1933 నాటి హ్యారీ బెక్ నమూనా ప్రకారం గీసిన ఆ పటంలో రైలు ఎక్కడ మారాలో తెలుస్తుంది, ఎంత దూరమో తెలియదు. లీసెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు 300 మీటర్లు కూడా లేదు. కిందికి దిగి రైలెక్కి, అవతల లిఫ్టు కోసం ఎదురుచూసే వేళకు నడిచి చేరిపోవచ్చు. లిఫ్టు వద్దని మెట్ల దారి పట్టినవారు 193 మెట్లు ఎక్కాలి.

గుంపులో ఎవరైనా విడిపోతే ఏం చేయాలో పొద్దున్నే అనుకోవాలి. స్టేషన్ దగ్గర కలుద్దామంటే చాలదు, పెద్ద స్టేషన్లకు దారులు చాలా ఉంటాయి, ఏ నంబరు దారో చెప్పుకోవాలి. తలుపులు మూసుకుని ఒకరు ప్లాట్‌ఫాం మీద మిగిలిపోతే, రైల్లో ఉన్నవారు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఆగాలి, మిగిలినవారు వెనకబండిలో రావాలి. ఎవరూ వెనక్కి రైలెక్కకూడదు. సొరంగాల్లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

ఇట్లు,
లండన్ నుంచి ఒక పాఠకుడు