దొరికిన నాణేన్ని ముందు తూచండి, కడగడం తర్వాత

సంపాదకుల వారికి,

తొలకరి దుక్కుల్లోనో, పునాదులు తీస్తుండగానో పాత నాణేలు బయటపడ్డాయని వార్త వస్తే, పక్కనున్న ఫొటోలో అవి తళతళా మెరుస్తుంటాయి. మెటల్ డిటెక్టర్ వీడియోల్లోనూ అదే తంతు: చింతపండు, నిమ్మచెక్క, ఇత్తడి తోమే పొడి. అరిగిన రాగి నాణెం మీద మిగిలిన కాస్త అక్షరం చాలాసార్లు పైనున్న చిలుము పొరలోనే ఉంటుంది. పులుపు తగలగానే ఆ పొర కరిగి, గులాబీ రంగు బిళ్ల మిగులుతుంది. ఆ తర్వాత ఎవరికి చూపించినా లాభం లేదు.

అసలు చాలా నాణేలను కడక్కుండానే పోల్చుకోవచ్చు. 0.01 గ్రాము తేడా చూపే త్రాసు, వెడల్పు కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి ఉంటే చాలు. బ్రిటిష్ ఇండియా కానీ (పావు అణా) ఒకటి దొరికింది, వెడల్పు 25 మి.మీ. పైచిలుకు, తేదీ మాత్రం అరిగిపోయింది అనుకుందాం. 6 గ్రాములు దాటి తూగితే అది రాగి పావు అణా, కొత్తలో 6.48 గ్రాములు ఉండేది. 1906లో రాగి తీసేసి కంచు పెట్టారు. కంచు పావు అణా కొత్తదే 4.86 గ్రాములు. అంచులు మన్ను తినేసి గుంటలు పడ్డ నాణేనికి మాత్రం ఈ లెక్క నమ్మకూడదు.

నిజాం వెండి రూపాయి 11.18 గ్రాములు. దాని మీది చార్మినార్ బొమ్మ గుమ్మంలో ఉర్దూ 'మీమ్' అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. నాణెం మీది హిజ్రీ (ఇస్లామీ క్యాలెండరు) సంవత్సరంలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపండి. 1321 అంటే 1903 వస్తుంది. అక్షరం కనబడకపోతే చీకటి గదిలో టార్చిని నాణెం అంచు పక్కన పడుకోబెట్టి, చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీయండి. నేరుగా చూస్తే నున్నగా ఉన్నచోట గీతలు లేచి కనిపిస్తాయి.

లోహం ఏదో అనుమానమైతే, చిన్న కప్పులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో వేలాడదీసి, అడుగుకు తగలకుండా ముంచండి. త్రాసు చూపిన అంకెతో నాణెం పొడి బరువును భాగిస్తే 9 దగ్గర రాగి, 10.2 దగ్గర నిజాం వెండి, 11 దాటితే సీసం.

రాగిదైతే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టండి. బోరునీళ్లలోని ఉప్పు చేటు చేస్తుంది. మెత్తబడ్డ మట్టిని భూతద్దం కింద వెదురు పుల్లతో తీసి, మట్టి అయిపోగానే ఆపేయండి. తర్వాత బాగా ఆరనిచ్చి, తేమ పీల్చే సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టండి. లేత ఆకుపచ్చ పొడి మళ్లీ మళ్లీ రాలుతుంటే లోపల క్లోరైడ్ (ఉప్పులో ఉండే రసాయనం) ఉన్నట్టే. గాలిలో తేమ ఉన్నంతకాలం అది నాణేన్ని తింటూనే ఉంటుంది, పైపైన గీకితే పోదు. దాన్ని విడిగా, పొడిగా ఉంచి మ్యూజియం రసాయన విభాగానికి అప్పగించడమే మేలు.

పెద్దబంకూరు, కోటిలింగాల వంటి చోట్ల బయటపడ్డ శాతవాహనుల సీసపు నాణేల సంగతి వేరు. సీసాన్ని డిస్టిల్డ్ వాటర్‌లోనూ నానబెట్టకూడదు, అది సీసాన్ని కరిగిస్తుంది. వెనిగర్ మాట ఎత్తనే వద్దు. చెక్కపెట్టెలో, అట్టపెట్టెలో దాచినా వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లపొడి కడుతుంది. ఆ పొడి విషం. పొడి బ్రష్‌తో దులిపితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకొకటి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే ఎక్కడ, ఎప్పుడు, ఏం దొరికిందో కలెక్టరుకు రాసివ్వాలి. కాబట్టి ఇలాంటి వార్త వేసేటప్పుడు నాణేలను మట్టితోనే, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమని మీ విలేకరులకు చెప్పగలరని మనవి.

ఇట్లు,
పాత నాణేల పరిశీలకులు, కరీంనగర్